ముందు దగ్గింది ఎవరు

వీరవేణి చేత సూది వేయించుకుంటే నొప్పి తెలియదని కాకినాడ జగన్నాథపురంలో ఒక నమ్మకం. అందులో నిజం సగమే. నొప్పి ఉంటుంది, కాకపోతే ఆవిడ మాటల్లో పడిన మనిషి దాన్ని గమనించేసరికి ఆవిడ దూది కూడా తీసి పారేసి ఉంటుంది. ముప్పై ఆరేళ్ళు ప్రభుత్వ నర్సమ్మగా పసిపిల్లల తొడలకు టీకాలు వేసి, రిటైరై ఇంట్లో బియ్యంలో రాళ్ళు ఏరుకుంటున్న మనిషిని డాక్టర్ నసీమా వెతుక్కుంటూ వచ్చి మళ్ళీ పనిలో పెట్టింది.

పెట్టక నసీమాకీ గత్యంతరం లేదు. ఆమె ప్రయోగశాలలో ఒక కొత్త యంత్రం తయారైంది. కాగితాల మీద దాని పేరు స్మృతిదర్శిని. దాన్ని పరీక్షించడానికి వెయ్యిమంది పెద్దవాళ్ళ రక్తం ఒక్కొక్క చుక్క కావాలి. మొదటి నెలలో వచ్చినవాళ్ళు పదకొండుమంది. వాళ్ళలో ముగ్గురు సూది చూసి వెళ్ళిపోయారు. వీరవేణి వచ్చి గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్న మూడో రోజుకల్లా వీధి చివరిదాకా వరస కట్టారు. ఆ వరసే యంత్రానికి చుక్కల పెట్టె అని పేరు పెట్టింది.

“యాభై రెండేళ్ళొచ్చినియ్యండి నాకు. ఇంకా సూదులేంటండి నర్సమ్మగారూ, పిల్లోణ్ణా?” అని గింజుకున్నాడు టెంటు హౌసు తాతబ్బాయి.

“మందు కాదురా. నీ ఒంటికి ఏ రోగాలు గుర్తున్నాయో, ఏవి మర్చిపోయిందో చూత్తాం. వేలు ఇటు తే. మీ రెండోదాని పెళ్ళెప్పుడన్నావ్?”

అతను ముహూర్తం చెప్పేలోపు చుక్క గాజుపలక మీద పడింది. అరచేయంత పలక. దాన్ని పెట్టెలో పెట్టి మూత వేస్తే పద్నాలుగు నిమిషాలకు వెలుగుతుంది. ఒక్కొక్క రోగానికి పలక మీద ఒక్కొక్క చోటు. ఒంటికి ఆ రోగాన్ని ఎదుర్కోవడం గుర్తుంటే అక్కడ చుక్క మెరుస్తుంది, మర్చిపోతుంటే మసకబారుతుంది, పూర్తిగా మర్చిపోతే చీకటే. టీకాతో నేర్చుకున్నది తెల్లచుక్క, రోగమే వచ్చి నేర్పి పోయింది ఎర్రచుక్క. ఎర్రచుక్క చుట్టూ ఏడాదికొకటి చొప్పున వెంట్రుకంత సన్నని వలయాలు పేరుకుని ఉంటాయి.

తాతబ్బాయి పలక అమావాస్యలా ఉంది. ఒక మూల మాత్రం ఎర్రగా ఒక చుక్క.

“ఇది ఆటలమ్మ,” అంది వీరవేణి భూతద్దంలో వలయాలు లెక్కపెట్టి. “నీకు ఎనిమిదో ఏట పోసింది.”

“మా మేనమామ పెళ్ళిలోనండీ! మీకెలా తెలిసిందండీ?” అతను నోరు తెరిచాడు.

“నీ నెత్తురే చెప్పింది. ఇదిగో, ధనుర్వాతం ఉండాల్సిన చోట చీకటి. మేకులతోటి పందిళ్ళేసేవోడివి. పోయినేడు కాల్లో దిగింది కదా, సూది వేయించుకున్నావా?”

“పసుపెట్టేనండి.”

“పసుపు కూరలోకి బాగుంటది. ఫ్లూ చోట కూడా ఏం లేదు.”

“అది మూడేళ్ళ కిందట వేయించుకున్నానండి, మీరే ఏశారు!”

“ఫ్లూ ఏటా చొక్కా మార్చుకొత్తాది నాయనా. నీ ఒంటికి పాత చొక్కాయే గుర్తు. పో, పక్కగదిలో రెండు సూదులూ వేయించుకుని పెళ్ళిపనులు చూసుకో.”

అతను నోరు మూసుకుని పక్కగదికి వెళ్ళాడు. ఎన్ని పోస్టర్లు అంటించినా కదలని మనుషులు తమ పలక మీది చీకటి చూసి కదిలేవారు. చిన్నప్పుడు వేయించుకున్న టీకాలు కాటికి వెళ్ళేదాకా కాపలా కాస్తాయని అందరూ అనుకుంటారు. అవి అలసిపోతాయని, మళ్ళీ తట్టి లేపాలని ఎవరికీ తట్టదు.

తట్టని వాళ్ళలో వీరవేణి కూడా ఒకతి. చెప్పుకుంటే సిగ్గుచేటు, కానీ ఆ ముప్పై ఆరేళ్ళలో ఆవిడ తన జబ్బకు ఒక్క సూదీ వేసుకోలేదు. దానికో కారణం ఉంది. ఆవిడ పనిలో చేరిన కొత్తలో పై అధికారిణి ఒక సూత్రం నూరిపోసింది. టీకా సీసాలో పదిమందికి సరిపడా మందు ఉంటుంది, మూత తీస్తే ఆ పూటకే పనికొస్తుంది, కాబట్టి ఒక్కరి కోసం సీసా తెరవకూడదు. పదిమంది పిల్లలు పోగయ్యేదాకా తల్లుల్ని కబుర్లతో కూర్చోబెట్టేది వీరవేణి. పదకొండో పిల్ల వస్తే ఇంటింటికీ తిరిగి ఇంకో తొమ్మిదిమందిని పట్టుకొచ్చేది. తన ఒక్కదాని కోసం సీసా మూత తీయడం ఆవిడకు దొంగతనంతో సమానం.

“మనకేంటండీ డాక్టరుగారూ,” అనేది నసీమా అడిగినప్పుడల్లా. “ఆ మందుల మధ్యే బతికాను. గాలికే అంటుకుని ఉంటాయి.”

“గాలికి రోగాలు అంటుకుంటాయమ్మా, టీకాలు కాదు,” అని నవ్వేది నసీమా. కానీ వదల్లేదు. వెయ్యిమంది పూర్తయిన వారం ప్రయోగశాలలో పనిచేసేవాళ్ళ వంతు పెట్టింది.

ఆ రోజు తన వేలు తనే పొడుచుకుంది వీరవేణి. పద్నాలుగు నిమిషాల తర్వాత పలక తీసి దీపం కింద పెట్టింది. పైవరసంతా చీకటి. అది చూసి నసీమా ఏదో వేళాకోళమాడబోయి ఆగిపోయింది. మూడో వరసలో, కోరింత దగ్గు ఉండాల్సిన చోట, ఎర్రచుక్క ఉంది.

వీరవేణి భూతద్దం పెట్టి వలయాలు లెక్కపెట్టింది. ఆరు. మళ్ళీ లెక్కపెట్టింది. ఆరే.

ఆవిడ భూతద్దం పక్కన పెట్టి, పలక మీద గుడ్డ కప్పి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. కుళాయి తిప్పి చాలాసేపు అలాగే నిలబడింది. నీళ్ళు పోతూనే ఉన్నాయి.

ఆరేళ్ళ కిందటి డిసెంబరులో ఆవిడ కూతురు ఇందుమతికి తొలి కాన్పు. ఆడపిల్ల. బారసాల చేసి పేరైతే పెట్టారు గాని ఎవరూ ఆ పేరుతో పిలవలేదు, బుజ్జమ్మ అనేవారు. పసిపిల్లకు మొదటి టీకా వేయాలంటే ఆరు వారాలు నిండాలి. నలభై రెండో రోజు బుధవారం పడింది. ఊళ్ళో పిల్లలందరికీ టీకాలు వేసే వారం అదే కదా అని వీరవేణి మురిసిపోయింది, మనవరాలికి తన చేత్తోనే వేద్దామనుకుంది. ముప్పై ఎనిమిదో రోజు బుజ్జమ్మ పోయింది. ఊపిరి అందకుండా దగ్గి దగ్గి నీలంగా మారిపోయింది. ఆసుపత్రివాళ్ళు కోరింత దగ్గని కాగితం మీద రాసిచ్చారు. ఆ బుధవారం కూడా వీరవేణి డ్యూటీకి వెళ్ళింది. ఇరవై ముగ్గురు పిల్లలకు టీకాలు వేసింది. ఎవరి పిల్లా ఏడుపు ఆపలేదు, ఆవిడా ఆపలేదు.

దగ్గు ఎవరు తెచ్చారని ఇల్లంతా తర్కించింది. బారసాలలో అల్లుడి మేనత్త ఒకావిడ రెండుసార్లు పొడిగా దగ్గింది. అంతే, ఆవిడే తెచ్చిందని తేల్చేశారు. ఆరేళ్ళుగా వీరవేణి ఆవిడ ఎదురుపడితే మొహం తిప్పుకుంటోంది. ఆ శీతాకాలం తనకూ నెల్లాళ్ళు దగ్గు వచ్చిందన్న సంగతి ఎప్పుడూ గుర్తు చేసుకోలేదు. చలికాలం దగ్గు, అల్లం కషాయం తాగితే పోతుంది అనుకుంది. అందరికీ ఉండేదే. ఆ దగ్గుతోనే బుజ్జమ్మను భుజాన వేసుకుని జోకొట్టింది.

ఇప్పుడు ఇందుమతికి మళ్ళీ ఎనిమిదో నెల.

నసీమా వచ్చి కుళాయి కట్టేసింది. ఆమెకు ఆ కథంతా తెలుసు, వీరవేణే ఒకసారి చెప్పింది. “వీరవేణమ్మా, ఈ చుక్క మీకు దగ్గు వచ్చిందని మాత్రమే చెబుతుంది,” అంది మెల్లగా. “మీరే అంటించారని చెప్పదు.”

“ఈ చుక్కలు చదవడం నాకు నేర్పింది మీరేనండి,” అంది వీరవేణి.

ఆ యంత్రం గురించి గొప్పగా రాసిన పత్రికలేవీ ఈ సంగతి రాయలేదు. రేపు రాబోయే రోగం నుంచి కాపాడడానికి చేసిన పెట్టె నిన్న ఎవరు ఎవరికి అంటించారో కూడా చెప్పగలదని, విన్నవాళ్ళు ఆ తర్వాత ఇంట్లో ఎలా తిరగాలో మాత్రం చెప్పలేదని నసీమాకే ఆ పూట తెలిసింది.

వీరవేణి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. దాచేద్దామనుకుంది. కానీ పుట్టబోయే పసికందు దగ్గరికి వెళ్ళేవాళ్ళంతా ముందే టీకా వేయించుకోవాలని కూతురికి తనే చెప్పాలి, ఎందుకని అడిగితే కారణమూ చెప్పాలి. మూడో రోజు జగన్నాథపురం వంతెన దాటి ఇందుమతి ఇంటికి వెళ్ళింది. ఇందుమతి బాల్కనీలో పీట మీద కాళ్ళు పెట్టుకుని బెండకాయలు తరుగుతోంది. వీరవేణి కత్తీ పళ్ళెమూ తన ముందుకు లాక్కుని, కూతురి మొహం చూడకుండా, అంతా చెప్పింది.

ఇందుమతి ఒళ్ళో పడిన బెండకాయ తొడిమలు ఒక్కొక్కటే ఏరి పళ్ళెంలో వేసింది. తర్వాత, “నాకూ చూస్తారా ఆ పెట్టెలో?” అంది.

“నీకెందుకే? నువ్వు టీకా వేయించుకుంటే చాలు. నీ కడుపులోదానికి కూడా కాస్త అందుద్ది.”

“చూపించుకుంటానమ్మా,” అంది ఇందుమతి.

మర్నాడు ప్రయోగశాలలో కూతురి వేలు పట్టుకుని పొడిచినప్పుడు ఆవిడ నోట కబుర్లేవీ రాలేదు. జీవితంలో మొదటిసారి ఆవిడ సూది నొప్పి పెట్టింది. ఇందుమతి చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది.

పలక వెలిగింది. మూడో వరసలో ఎర్రచుక్క. ఆరు వలయాలు.

“అంటే ఇద్దరికీ వచ్చిందన్నమాట,” అంది ఇందుమతి. ఆమె మొహం తెల్లగా పాలిపోయింది. “ముందు ఎవరికి?”

నసీమా కుర్చీలోంచి లేచింది. “ఇందూ, అది తెలుసుకుని ఏం చేస్తావు? టీకా వేయించుకుని ఇంటికి వెళ్ళు తల్లీ.”

“తెలుసుకోవచ్చా, కుదరదా? అది చెప్పండి డాక్టరుగారూ.”

కుదురుతుంది. ఊళ్ళో అంటువ్యాధి లేస్తే అది ఎక్కడ మొదలైందో కనిపెట్టడానికి నసీమా ఈ మధ్యే భూతద్దం కన్నా సన్నగా చూపే ఒక అద్దం చేయించింది, దానికి సన్నద్దమని పేరు. దాని కింద వలయం విడిపోయి రోజుకొక గీతగా కనిపిస్తుంది. అంకెలేవీ పడవు, గీతలు చదవడం అలవాటున్న కన్ను కావాలి. ఆ కన్ను నసీమాకూ వీరవేణికీ తప్ప ఇంకెవరికీ లేదు. పలక ఎవరిదో వాళ్ళు అడిగితే చూపించి తీరాలన్నది నసీమా తనకు తాను పెట్టుకున్న నియమం. ఆమె నిస్సహాయంగా బీరువా తెరిచి అద్దం తీసింది.

“నువ్వు చూసి చెప్పమ్మా,” అంది ఇందుమతి తల్లితో.

వీరవేణి రెండు పలకలూ పక్కపక్కన పెట్టి అద్దం మీదికి వంగింది. గీతలు సన్నగా, వరసగా, ఏ తప్పుకూ తావు లేకుండా ఉన్నాయి. ఆవిడ మూడుసార్లు లెక్కపెట్టింది. కూతురికి దగ్గు పట్టుకున్న పదకొండు రోజులకు తనకు పట్టుకుంది.

ముందు ఇందుమతిది.

ఆవిడకు ఆ క్షణంలో ఊరట కలగాలి. కలగలేదు. అద్దం మీద వంగిన ఆ నిమిషంలో ఆవిడకు కనిపించింది ఒక్కటే, రేపు పుట్టబోయే బిడ్డను పాలకు దగ్గరికి తీసుకోవడానికి భయపడే ఇందుమతి. నెలల తరబడి ఊపిరి బిగబట్టి బిడ్డను ఎత్తుకునే ఇందుమతి.

వీరవేణి తలెత్తి, కళ్ళజోడు తీసి, కొంగుతో తుడుచుకుంది.

“నాది ముందు,” అంది. “పదకొండు రోజులు ముందు. నా దగ్గరే నీకు అంటుకుంది తల్లీ.”

నసీమా వచ్చి అద్దంలోకి చూసింది. చాలాసేపు చూసింది. ఇందుమతి ఆమె వైపే చూస్తూ, “నిజమేనా డాక్టరుగారూ?” అని అడిగింది.

“మీ అమ్మగారి కన్ను మీద నాకు నమ్మకముంది,” అంది నసీమా తల ఎత్తకుండా.

ఇందుమతి జబ్బ చాపి టీకా వేయించుకుంది. వేసింది వీరవేణే. దూది అద్దుతున్నప్పుడు కూతురు తన చేతిని ఒక్క క్షణం పట్టుకుంటుందేమో అనుకుంది. పట్టుకోలేదు. బయట ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

“ఎందుకలా చెప్పారు?” అంది నసీమా తలుపు వేసి. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

“కడుపుతో ఉన్న పిల్లండి. నాకు అరవై మూడొచ్చినియ్యి, నేను మొయ్యగలను.”

“రేపు బిడ్డను మీ చేతికివ్వకపోతే?”

వీరవేణి స్టూలు మీద కూర్చుని, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, నర్సమ్మలా కాకుండా మామూలు అమ్మమ్మలా ఏడ్చింది. నసీమా పక్కన కూర్చుని వీపు నిమురుతూ ఉండిపోయింది. ఆ సాయంత్రమే సన్నద్దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది. అంటువ్యాధి లేచిన నాడు తప్ప అది బయటికి రాకూడదని, ఒకే ఇంటి మనుషుల పలకలు దాని కింద ఎన్నడూ పక్కపక్కన పెట్టకూడదని ప్రయోగశాల నియమాల్లో రాసింది.

మూడు రోజుల తర్వాత వీరవేణి తన టీకా సంగతి తనే తేల్చుకుంది. పెద్దవాళ్ళ కోరింత దగ్గు టీకా కూడా పదిమంది సీసాయే. అలవాటు ఎక్కడికి పోతుంది? ఆవిడ వీధిలోకి వెళ్ళి, తాతబ్బాయినీ అతని భార్యనీ, ఇస్త్రీ బండి అతన్నీ, ఇంకో ఆరుగురినీ పోగుచేసింది. ఆ ఆరుగురిలో అల్లుడి మేనత్త కూడా ఉంది. ఆవిడ ఇంటికి వెళ్ళి గుమ్మంలోనే, “వదినగారూ, ఆరేళ్ళుగా మిమ్మల్ని అనవసరంగా ఆడిపోసుకున్నాను. మీరు తేలేదు,” అని చేతులు పట్టుకుంది. ఆవిడ బిత్తరపోయి, ఏడ్చి, కాఫీ ఇచ్చి, వెంట వచ్చింది. పదో జబ్బ వీరవేణిది. సీసా అడుగంటింది.

ఇందుమతి మాత్రం ఫోను చెయ్యలేదు. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. వీరవేణి చేస్తే అల్లుడు గోపీనాథ్ ఎత్తి, బాగానే ఉందత్తయ్యా, పడుకుందత్తయ్యా అనేవాడు. టీకా పట్టిందో లేదో చూసుకుందామని రెండు వారాలకు ఆవిడ మళ్ళీ వేలు పొడుచుకుంది. ఎర్రచుక్క పక్కన తెల్లచుక్క మల్లెమొగ్గలా వెలిగింది. దాన్ని చూపించడానికి మనిషి లేదు.

తను టీకా వేయించుకున్న ముప్పై రెండో రోజు పొద్దున్నే గోపీనాథ్ ఫోను చేశాడు. మగపిల్లాడు, మూడు కిలోలు, తల్లీబిడ్డా క్షేమం. రమ్మని అనలేదు. వీరవేణి కూడా అడగలేదు. దేవుడి ముందు దీపం పెట్టి, కాసేపు కూర్చుని, డ్యూటీకి వెళ్ళిపోయింది. మర్నాడూ అంతే. మూడో రోజు మధ్యాహ్నం ఫోను మోగింది. ఈసారి ఇందుమతి.

“అమ్మా, నువ్వు టీకా వేయించుకుని ఎన్నాళ్ళయింది?”

“ముప్పై నాలుగు రోజులు.”

“అయితే రా.”

ఆసుపత్రి గది గుమ్మం దగ్గర వీరవేణి ఆగిపోయింది. ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుంది, చేతులు రెండుసార్లు కడుక్కుంది, అయినా గడప దాటడానికి కాళ్ళు రాలేదు. ఇందుమతి మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో ఎర్రటి చిన్న మొహం. గదిలో ఇంకెవరూ లేరు.

“అక్కడే నిలబడ్డావేంటమ్మా?”

“ఇక్కణ్ణించి కనపడతన్నాడు తల్లీ. చాలు.”

ఇందుమతి బిడ్డ వైపే చూస్తూ నెమ్మదిగా అంది. “ఆ డిసెంబరులో నాకు నీకంటే ముందే దగ్గు పట్టుకుంది. నీకు తెలిస్తే బుజ్జమ్మను నా పక్కన పడుకోనివ్వవని నీకు చెప్పలేదు. నువ్వు గదిలోకి వస్తున్న అడుగుల చప్పుడు వినగానే దుప్పటి నోట్లో కుక్కుకునేదాన్ని.”

వీరవేణి బిడ్డ మీంచి చూపు తిప్పి కూతురి మొహంలోకి చూసింది.

“ఆ అద్దంలో ఏం కనిపించి ఉంటుందో నాకు తెలుసమ్మా. ఆరేళ్ళుగా తెలుసు.”

“మరెందుకే నన్ను చూసి చెప్పమన్నావ్?”

“ఎవరైనా ఒక్కసారి నువ్వు కాదే అంటారేమోనని.” ఇందుమతి దుప్పటి అంచు బిడ్డ భుజం మీదికి లాగింది. “అన్నావు. అబద్ధమని తెలుసు, అయినా ఆ రాత్రి ఆరేళ్ళ తర్వాత నిద్రపోయాను. నిన్ను చూస్తే నిజం చెప్పేస్తానని రాలేదు. వీడు పుట్టేదాకా కాస్త నిద్రపోనిద్దామనుకున్నాను నన్ను నేను.”

వీరవేణి గడప దాటింది. ఎప్పుడు దాటిందో ఆవిడకే తెలియదు. మంచం పక్కన కూర్చుని కూతురి తల తన భుజానికి ఆనించుకుంది.

“ఇద్దరి ఒళ్ళూ ఆ దగ్గుని మర్చిపోయినియ్యి తల్లీ,” అంది. “ఒళ్ళు మర్చిపోద్దని మనకి ఎవరూ చెప్పలేదు. నాకు తెలిసుండాల్సింది. నాకు తెలిసుండాల్సింది.”

ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు. ఆ ఏడుపుకు బాబు నిద్రలేచి, తనూ మొహం చిట్లించి, చిన్నగా తుమ్మాడు. తల్లీకూతుళ్ళు ఇద్దరూ ఒక్కసారిగా బిగుసుకుపోయి వాడి వైపు చూశారు. వాడు పెదాలు చప్పరించి మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. తుమ్మేనని తెలిశాక ఇందుమతికి ముందు నవ్వొచ్చింది.

“పట్టుకో అమ్మా. పొద్దున్నించి నేనే ఎత్తుకున్నాను, చెయ్యి లాగేస్తోంది,” అని బిడ్డను తల్లి చేతుల్లో పెట్టింది.